పుస్తెలకు గాలం దారం

“అమ్మమ్మా, సజ్జ మీద ఈ గాలం దారం ముద్ద దొరికింది. పడేద్దునా?” అని అడిగిన.

పడేసుడేంది? ఇటు తే. తే బిడ్డా, నా ఒళ్లె ఎయ్యి. ఏయ్, మెడల ఏస్కోకు! నవ్వులాటకు సుత ఏస్కోకు. చేతిల పట్కొని రా. ఆఁ, గట్ల.

సూసినవా, ఇంకా ఎట్ల మెరుస్తున్నదో. మీ అమ్మ పాలు తాగేటప్పటి దారం ఇది. మీ అమ్మకు నెత్తి నెరిసింది గని దీనికేం గాలే. కూసో. కూసో జెర, నీ డ్యూటీకి ఇంకా టైమున్నది. మాపటి షిఫ్టే గద? కూసో మరి.

మీ తాత కిష్టయ్యను నువ్వు సూడలే. మంజీరల చేపలు పట్టెటోడు. వల గూడ ఉండె మాకు, గని ఆయనకు గాలమంటెనే పానం. ఒక పొడుగు తాడుకు వరుసగ గాలాలు కట్టి, ఎర్రలు గుచ్చి, నీళ్లల్ల ఇడిసి వచ్చెటోడు. గప్పుడు మాకు పత్తి దారమే. తుమ్మ చెక్క ఉడకబెట్టి ఆ నీళ్లల్ల నానేస్తుంటిమి, కుళ్లొద్దని. ఏం నానేసినా ఎన్నొద్దులు ఆగుతది? పెద్ద చేప పడ్డదంటె పుటుక్కుమనేది. చేపా పాయె, గాలమూ పాయె. ఆ దినం మీ తాత మొకం సూడరాకపోయేది.

గప్పుడే పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు లేస్తున్నయి. కోస్తా నుంచి మస్తు మంది నౌకర్లకని వచ్చిండ్రు. అండ్ల ఒక సారు, కృష్ణ దిక్కాయననో గోదారి దిక్కాయననో నాకు యాదికి లేదు, ఐతారం వచ్చిందంటె స్కూటర్ ఏస్కొని మంజీర ఒడ్డుకు వచ్చెటోడు. నెత్తికి టోపీ, చేతిల సీసలో చాయ. కూసొని గాలమేసుడే. చేప పడ్డా సంతోషమే, పడకపోయినా సంతోషమే. మాకు సూస్తె ఇచ్చంత్రం. చేప పడకపోతె మా ఇంట్ల పొయ్యి సప్పబడ్తది, ఆయనకేమో నవ్వులాట. ఆయన తాననే మేం మొదలు సూసినం ఈ నైలాన్ దారం. నీళ్లల్ల ఏస్తె కనపడనే కనపడదు. గుంజితె తెగదు.

గని ఆయనకు చిక్కులిప్పే ఓపిక లేదు. ముద్దవడ్డదంటె కోసి పడేసుడే. “ఏమయ్యా కిష్టయ్యా, ఇది చిక్కుపడిపోయిందయ్యా, పారేస్తున్నా” అంటడు. మీ తాత ఉరికిపోయి “పారేసుడెందుకు సారూ, గిటియ్యుండ్రి” అని ఏరుకొచ్చెటోడు. పొడుగు తుండ్లు గాలాలకు. పొట్టి తుండ్లు మా అత్తకు.

మా అత్త నర్సమ్మ. అబ్బ, ఏం మనిషి. నోట్ల ఎప్పుడు బీడీ ఉండాలె. కట్ట బీడీలు చారాణకే వస్తుండె గప్పుడు, ఒక్క కట్టను బంగారం లెక్క దాసుకునేది. మనిషి సన్నగ, చింత బరిగె లెక్క. కొడుకు తెచ్చిన దారం ముంగటేసుకొని ఒక్కొక్క చిక్కు ఇప్పుకుంట కూసునేది. ఆ దారం మా ఇంట్ల ఏడ లేదు చెప్పు. చిక్కుడు తీగెకు పందిరి ఆ దారమే. గోనె సంచి చినిగితె ఆ దారమే. మంచం నులక తెగితె, చెప్పు ఊడితె, గంప అంచు ఇరిగితె ఆ దారమే. బెల్లం ముద్దను కత్తితోని కొట్టకపోయేది, ఆ దారం రెండు చేతుల పట్కొని గుంజి కోస్తుండె, జున్ను కోసినట్టు. దూడ మెడల గంట ఆ దారానికే. మీ అమ్మ మొలతాడు సుత ఆ దారమే అనుకో. నల్ల పూస ఒకటి ఎక్కించి కట్టింది.

ముడేసినంక ఒక పని జేసేది. కొసలు జారకుండ నోట్ల బీడీ తీసి ఆ కొసకు ఆనిచ్చేది. సుర్రుమని కరిగి చిన్న గుండు లెక్క అయ్యేది. “ఇగ పో, వాని తాత వచ్చినా ఊడది” అనేది.

ఇగ నా పుస్తెల ముచ్చట. ఒకనాడు నేను ఒడ్డుమీద కూసొని చేపలు కడుగుతున్న. వంగి కడుగుతుంటె మెడల పుస్తెలతాడు పుటుక్కున తెగింది. పసుపుతాడే గద, ఇరాం లేకుంట నీళ్లల్ల నానుడు, చెమటల నానుడు, కుళ్లదా? ఒక పుస్తె ఒళ్లె పడ్డది. ఇంకోటి నీళ్లల్ల పడ్డది. నా పానం ఆడనే పోయింది. మా అత్త చీర చెక్కి నీళ్లల్ల దిగింది. ఇసుకల దేవులాడి దేవులాడి తీసింది. తీసి ఏమన్నది? నన్ను తిట్టలే. “నా కొడుకు దినాం నీళ్లమీద ఉంటడు, నీ మెడల తాడేమో గిట్ల తెగుతదా? ఇగ తెగనియ్య” అన్నది.

ఇంటికొచ్చి నైలాన్ దారం మూడు పేటలు పెనేసింది. పుస్తెలెక్కించింది, నల్లపూసలెక్కించింది. ఎన్క మెడ మీద ముడేసి బీడీతోని కరిగిచ్చింది. పసుపు రాస్తె అంటలే, జారిపోయింది. ఎన్ని తీర్ల రాసినా జారుడే. లచ్చవ్వ అని మా ఎన్కింటామె సూసి “పసుపు పట్టని తాడేందే నర్సమ్మా, మంచిది గాదు” అన్నది. మా అత్త “నీ తాడు పసుపు పడ్తది, నా కోడలు తాడు ఆగుతది. పో” అన్నది. నేను సుత ఖుషైన. బావి కాడ అందరికి గుంజి సూపెట్టిన. సూడుండ్రి తెగది అని.

ఏంది నవ్వుతున్నవ్? నవ్వు. నేను సుత నవ్వుకుంట తిరిగిన ఆ చలికాలమంత.

చలికాలం పోతుంటె చెరుకు కొట్టుడు మొదలైతది. మా పటేల్‌కు గానుగ ఉండె. మా కొండాపూర్ దిక్కు, మా అవ్వగారింటి దిక్కు, ఎడ్ల గానుగలే. ఈడ పటేల్ తాన గూడ మొదలు ఎడ్లే, గని ఆ ఏడు ఇంజన్ తెచ్చిండు. పొడుగు తోలు పట్ట, ఇంజన్ చక్రం నుంచి గానుగ చక్రానికి. డుగుడుగుడుగుడుగు అని ఊరంత ఇనపడేది. దాన్ని నడిపేది మల్లేశం. ఎడ్లు తోలినోడే, అవే ఎడ్లను ఇడిసి ఇంజన్ కాడ నిలబడ్డడు. పాపం మంచోడు.

చేపలు తక్కువైన దినాలల్ల నేనూ మా అత్తా గానుగకు కూలికి పోయేటోళ్లం. మా అత్త పొయ్యి కాడ, బెల్లం వండే పెనం కింద పిప్పి ఎగదోసేది. లచ్చవ్వ పిప్పి గుంజి ఎండేసేది. నేను చెరుకు అందిచ్చేదాన్ని. అందిచ్చుడే నా పని, గానుగల పెట్టుడు వేరే మనిషిది. ఆ దినం ఆమె రాలే, జరమొచ్చిందో ఏమో. మల్లేశం “సత్తెమ్మా, నువ్వు పెట్టు, గంతే గద, తోసుడే” అన్నడు. గంతే గద అనుకొని కూసున్న.

ఐతారం అది. అదెట్ల యాదికున్నదంటె మీ తాత పొద్దుగాలనే “సారొస్తడు ఇయ్యాల, దారం దొరుకుతది” అని పోయిండు. మీ అమ్మను తొట్టెల ఏసి మా ఆడిబిడ్డకు అప్పజెప్పి పోయినం.

పొద్దు నెత్తిమీదికెల్లి వాలింది. ఒక వంకర చెరుకు వచ్చింది నా చేతికి. పెడ్తె పోతలే, పక్కకు జారుతున్నది. ఇగ జెర ముందుకు వంగి రెండు చేతుల తోసిన. పుస్తెలు ఎప్పుడూ రైకల పెట్టుకుంట. ఆ చెమటకు ఎప్పుడు బయటకొచ్చినయో నాకు సోయి లేదు. ఊగినయి. ఆ వంకర చెరుకు కొసకు ఆకు ఉండె, ఆ ఆకుతోని కలిసి లోపలికి పోయినయి.

మొదలు సమజే గాలే. ఎవరో ఎన్కకెల్లి మెడ పట్కొని ముందుకు దొబ్బినట్టైంది. పత్తి తాడైతె గప్పుడే పుటుక్కుమంటుండె. తెగలే. గుంజుతున్నది. చేతులు రెండు గానుగ చట్రానికి ఆనిచ్చి ఎన్కకు తన్నిన. ఎన్కకు తన్నుతుంటె మెడ ఎముకలు ఊడుతయేమో అన్నట్టున్నది. కండ్ల ముంగటనే రెండు ఉక్కు గుండ్లు తిరుగుతున్నయి, రసం కారుకుంట. నా మొకం అటు పోతున్నది. ఒర్రుదామంటె గొంతు బందైంది.

లచ్చవ్వ సూసింది. “మల్లేశా! సత్తెమ్మ! సత్తెమ్మ!” అని ఒర్రింది.

మల్లేశం ఉరికొచ్చిండు. ఉరికొచ్చి ఏం జేసిండో ఎరికేనా? ఇంజన్ ముంగట నిలబడి రెండు చేతులు చాపి “హో! హో! హో!” అన్నడు.

నవ్వకు. నేను ఆనాడు ఇన్న. చెవులల్ల గుయ్యిమంటున్నా అది ఇనపడ్డది నాకు. ఎద్దైతె హో అంటె ఆగుతది బిడ్డా. ఇంజన్‌కు చెవులుంటయా? డుగుడుగుడుగుడుగు. ఎడ్లు తోలినోడు గద, నోటికి అలవాటైన మాట నోటికొచ్చింది. గని జల్దినే తెలివికొచ్చిండు. వెదురు కట్టె అందుకొని తోలు పట్టను పక్కకు పొడిసిండు. పట్ట ఊడి పాము లెక్క ఎగిరి పడ్డది. గానుగ ఆగింది. ఇంజన్ అట్లనే ఒట్టిగ ఉరుకుతున్నది, వాడు మల్ల పోయి దాన్ని బంద్ జేసిండు.

ఆగింది గని నేను ఆడనే ఉన్న. గద్దువ ఇనుముకు ఆనింది. ముక్కుల చెరుకు రసం. దారం మెడల దిగింది, ఊపిరి ఎల్తలే. మంది జమైండ్రు. ఒకడు “చక్రం ఎన్కకు తిప్పుండ్రి” అంటడు. ఇంకొకడు “ఎన్కకు ఏది, ముందుకు ఏది? ముందుకు తిరిగితె తలకాయ పోతది!” అంటడు. లొల్లి. మల్లేశం చక్రం మీద చెయ్యేసిండు గని తిప్పుతలేడు. ఎవరో కొడవలి తెచ్చిండ్రు. ఏడ కోస్తరు? ముందటికెల్లి సందే లేదు, గొంతు ఇనుముకు అంటింది. ఎన్క సూస్తె దారం కండల దిగి కనపడ్తలే. కొడవలి ఆడ పెడ్తె దారంతోని మెడ సుత తెగుతది. కొడవలి పట్టినోడు నిలబడ్డడు అట్లనే. నాకు కండ్ల ముంగట నల్ల నల్లగ అయితున్నది.

గప్పుడు మా అత్త వచ్చింది. పొయ్యి కాడికెల్లి వచ్చింది, చేతుల మసి, నోట్ల బీడీ. మందిని రెండు మోచేతులతోని నూకింది. “జరుగుండ్రి” అన్నది. ఒంగి నా ఎన్క మెడ మీద ఏలు పెట్టింది, ఆ ముడి కోసం. తాను ఏసిన ముడే గద. గోరుకు తగిలింది అది.

నోట్లకెల్లి బీడీ తీసింది. తీసేముందు గట్టిగ గుంజింది ఒక దమ్ము. కొస ఎర్రగైంది.

లచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకున్నది. “వద్దు నర్సమ్మా! పుస్తెలతాడే! నీ చేతులతోని కాల్తవా? నీ కొడుకు నీళ్లమీద ఉన్నడే! ఒక్కగానొక్క కొడుకే!”

అందరు మా అత్త మొకమే సూస్తున్నరట. నాకు కనపడదు, నేను ఇనుమును సూస్తున్న. మెడ మీద ఆమె ఏలు మాత్రం ఉన్నది. ఆ ఏలు కదుల్తలే. ఎంతసేపు? ఒక్క దమ్మంతసేపే కావొచ్చు. నాకు మాత్రం ఆ ఊరు పుట్టినకాడికెల్లి ఉన్నట్టనిపించింది.

మా అత్త అన్నది, “నా కొడుక్కు ఈత వస్తది. దీనికి మెడ ఒక్కటే ఉన్నది. చెయ్యి ఇడువు.”

ఇడిసింది.

“సత్తీ, కాల్తది. కదలకు” అన్నది నాతోని. బీడీ ఆనిచ్చింది. సుర్రుమన్నది. దారమో తోలో తెల్వదు, వాసనొచ్చింది. ఒక పేట టిక్కుమన్నది. మల్ల దమ్ము గుంజింది, మల్ల ఆనిచ్చింది. రెండో పేట. మూడో పేట తెగంగనే నేను ఎన్కకు పోయి పిప్పిల పడ్డ. ఊపిరి ఎట్లొచ్చింది అనుకున్నవ్, కొలిమి తిత్తి లెక్క. పూసలు నలుదిక్కులకు పోయినయి. నువ్వు నెత్తికి నూనె పెట్టేటప్పుడు అడుగుతవు సూడు, అమ్మమ్మా ఈ మెడ ఎన్క నల్ల మచ్చ ఏందని. అదే ఇది. మా అత్త బీడీ.

గానుగ ఎన్కకు తిప్పి పుస్తెలు తీసిండ్రు. ఒకటి మంచిగనే ఉన్నది. ఇంకోటి రేకైపోయింది, కాయితం లెక్క. మా అత్త రెండింటిని కొంగుల కట్టుకున్నది. పటేల్ బెల్లం ముద్ద ఇచ్చి ఇంటికి తోలిండు. తొవ్వల నేనన్న, “అత్తా, బోడి మెడతోని ఎట్ల రావాలె ఊర్లెకు?” కొంగు తీసి నా మెడ చుట్టు కప్పింది.

ఇంటికొచ్చినంక ఇగ సురువైంది అసలు పరేషాన్. గానుగ కాడ అంత మాటన్నది గద, నా కొడుక్కు ఈతొస్తదని. ఇంటికొచ్చి తొవ్వ దిక్కు మొకం పెట్టి గడప మీద కూసున్నది. నోట్ల బీడీ పెట్టుకున్నది గని అంటిస్తలేదు. నేను లోపల పండుకొని ఆమె ఈపునే సూస్తున్న. పొద్దు వాలింది. ఐతారం మీ తాత పొద్దుండంగనే వస్తుండె. రాలే. లచ్చవ్వ గోడ మీదికెల్లి తొంగి సూసి పోయింది. ఆ సూపు ఉన్నది సూడు, ఆ సూపుకే నాకు సమజైంది. కిష్టయ్యకు ఏమన్నా అయితె ఊరు ఏమంటది? గా నర్సమ్మనే కాల్చింది అంటది. అనకపోయినా ఆమె అనుకుంటది, సచ్చేదాక. నేను అనుకుంట, నా మెడకోసమే అని.

ఉత్తగ కూసోలేక లేచింది. ఏం జేసింది చెప్పు? తొట్టెలకెల్లి మీ అమ్మను తీసి ఒళ్లె పండేసుకున్నది. మొలతాడు కింద ఏలు పెట్టి, పొల్లకు తగలకుండ, బీడీ గప్పుడు అంటిచ్చి, కరిగిచ్చి తీసేసింది. దొడ్లెకు పోయి దూడ మెడ గంట తీసింది. కోడిపెట్ట కాలు దారం తీసింది. ఇల్లంత తిరిగి పానమున్న దేనికి ఆ దారం ఉన్నా కాల్చి తీసింది. చిక్కుడు పందిరి ముట్టలే. మంచం ముట్టలే. పానమున్నయే.

మల్ల వచ్చి గడపల కూసున్నది.

పొద్దు గూకే యాల్లకు ఈల ఇనపడ్డది. మీ తాత ఈలేసుకుంట వస్తడు తొవ్వల. మా అత్త లేవలే. ఆయన నవ్వుకుంట వచ్చిండు, చేతిల ఇంత ముద్ద. “అవ్వా, సూడు ఎంత తెచ్చిన్నో! సారు మొత్తం చిక్కు జేసుకున్నడు, పొద్దటికెల్లి అది ఇప్పుకుంటనే కూసున్న. సగం ఇప్పినంక ఇగ నువ్వే తీస్కపొమ్మన్నడు!” అన్నడు.

చేప ఒక్కటి లేదు. దారం ముద్ద.

గదే ఇది, నా ఒళ్లెది. గందుకే పడెయ్యనియ్యలే.

లోపలికొచ్చి నన్ను సూసిండు. బోడి మెడ. ఎర్రగ కోసుకపోయిన గీత. తెల్లమొకమేసిండు. “ఏందే ఇది? నేను బతికే ఉన్న గద?” అన్నడు. నిజంగనే అడిగిండు, తనను తాను ముట్టుకొని సూసుకున్నడు. మా అత్త ఆ దారం ముద్ద గుంజుకొని దాంతోనే ఈపుల రెండు సరిసింది. “పొద్దుండంగ రానీకి ఏమైందిర నీకు, ఏమైందిర” అని. సరుసుకుంటనే ఏడ్సింది. గానుగ కాడ కారని నీళ్లు గడప కాడ కారినయి.

తెల్లారి పత్తి దారానికి పసుపు రాసి మల్ల కట్టిచ్చింది మీ తాతతోని. పసుపు మంచిగ పట్టింది. రేకైన పుస్తెను గట్లనే ఎక్కించింది, మార్చనియ్యలే. “కుళ్లుతది గదత్తా” అన్న నేను. “కుళ్లితె మల్ల మారుద్దం. ఏడాదికి ఒకటి మారుద్దం. నెలకొకటి మారుద్దం” అన్నది. లచ్చవ్వ వచ్చి సూసి, ఇంత కుంకుమ పెట్టి పోయింది. ఆ లచ్చవ్వ బిడ్డనే వెలిమెల ఊరికి ఇచ్చిండ్రు, ఇప్పుడు ఆడ అన్ని పెద్ద పెద్ద బిల్డింగులైనయట గద. ఏదో చెప్పవోతి…

ఆఁ, ఈ దారం. పడెయ్యకు. ఎన్క దొడ్లె చిక్కుడు ఇత్తనాలు పెట్టిన, మొలిచినంక పందిరి కడ్దం. దారం ఏం పాపం జేసింది?

ఇగ లే. భానూర్ దిక్కు బస్సు పోతది మల్ల. ఆగు. గా మెడల ఏందది? ఫ్యాక్టరోళ్లిచ్చిన ఫోటో బిళ్లా? దాని తాడు దేంది, నైలాన్ లెక్కనే ఉన్నది. మిషన్ కాడికి దీంతోనే పోతవా? ఇటు రా. వంగు. వంగు జెర, కోపం జెయ్యకు, గుంజుతున్న…

ఊడింది. ఎన్క తాడు కొసలు కలిపే బుడిప ఊడింది, చేతికొచ్చింది సూడు. గుంజితె ఊడాల్నని పెట్టిండ్రా? ఎవడు జేసిండో గని వాని కడుపు సల్లగుండ. నీ మెడల ఏది పడ్డా గిట్లనే ఊడాలె బిడ్డా, నువ్వు సల్లగుండాలె. ఇగ పెట్టుకో. పైలంగ పో.

ఆగాగు. ఇంకోపారి గుంజి సూస్త.